నెలకెన్ని బకెట్లు

లీమా నగరంలో వాన కురవదు.
మబ్బు మాత్రం
అద్దె ఎగ్గొట్టి కదలని మనిషిలా
నెలల తరబడి డాబాల మీదే కూర్చుంటుంది.
తడిపీ తడపని తుంపర
కళ్లజోళ్లను మసక చేస్తుంది గానీ
వేరుదాకా దిగదు.

అలాంటి ఊళ్లో
రెండు రోడ్ల నడుమ
మూడు వందల గజాల పచ్చగడ్డి.
వారానికి నాలుగు రాత్రులు ట్యాంకరొచ్చి
దాని దాహం తీర్చి పోతుంది.
అదే ట్యాంకరు, అదే గొట్టం
కొండమీది పేటకు వారానికొక్కసారి,
అదీ చేతిలో చిల్లర పడ్డాకే.

సతుర్నీనా టింకోపా ఆ పేట మనిషి.
పగలు మున్సిపాలిటీ నర్సరీలో కూలి,
సాయంత్రం నూట పన్నెండు మెట్లు,
చేతికొక బకెట్టు.
నీళ్ల బరువు ఆమెకు లీటర్లలో తెలీదు,
మోకాళ్లలో తెలుసు.

గడ్డి తీసేయమని పైనుంచి కాగితమొచ్చిన రోజు
ఇంజనీరు కుర్రాడు ఫాబ్రీసియో
మొక్కల ఫొటోలు బల్లమీద పరిచాడు,
పెళ్లిళ్ల పేరయ్య సంచి విప్పినట్టు.
ఈ ఊదాపువ్వు చూడమ్మా, ఎంత కళో.
ఇది నీడకు పెట్టింది పేరు.
ఇదైతే పెద్ద పెద్ద నగరాల్లో...

ఆమె ఒక్కటే అడిగింది:
"నెలకెన్ని బకెట్లు?"

గులాబీని అతనే బోర్లా పెట్టేశాడు.
మర్రి జాతి కుండీ చెట్టును ఆమె తోసేసింది,
"ఇది పైపులు పగలగొట్టి దొంగచాటుగా తాగుతుంది" అని.
కలబంద దగ్గర నవ్వింది.
కొట్ల గుమ్మాలకు ఎర్ర రిబ్బనుతో తలకిందులుగా వేలాడి
గాలి తాగి బతికే దానికి
సిఫారసు ఎందుకు?
గంగపాయల కూరకు చుట్టంలా
ఆకులో నీళ్లు దాచుకునే తీగ, సరే.
వరాంగో, మన జమ్మికి దూరపు అక్క,
ముళ్లున్నా సరే.

రోడ్డంచున
ఎవరూ నాటని, ఎవరూ తడపని ఆముదం ఒకటి
నిలువెత్తు పెరిగి ఉంది.
చెట్టులేని చోట అదే మహావృక్షమన్న వెక్కిరింత
ఆమె చెవిన పడలేదు, పడితే ఊరుకునేది కాదు.
అయినా ఆమే పీకేసింది.
గింజలు పిల్లల నోట్లోకి పోతాయట.
పీకాక కాసేపు చేతిలోనే పట్టుకుంది.

గడ్డి చుట్టలు చుట్టే రోజు
ముసలి ఎర్మోహెనెస్ అడ్డం కూర్చున్నాడు.
ముప్పై ఏళ్లు కిక్కిరిసిన బస్సుల్లో
నిలబడి టిక్కెట్లు కొట్టిన కాళ్లు.
రోజూ మూడు గంటలకు బూట్లు విప్పి
ఇక్కడ నిలబడతాయి.
"నీ గులకరాళ్ల మీద నిలబడమంటావా?"

పారల చప్పుడు ఆగింది.
ఫాబ్రీసియో కాగితం వెతుక్కున్నాడు,
అందులో కాళ్ల సంగతి లేదు.

సతుర్నీనా మడమతో నేలమీద గీత గీసింది,
చాపంత.
"ఇది నీది. నీళ్లూ నీవే."

మొదటి వారం
సగం బకెట్టు అతని ప్యాంటే తాగింది.
రెండో వారం మధ్యలో మూడుసార్లు దించి
ఎవరూ చూడటం లేదని చూసుకుని
నడుము పట్టుకున్నాడు.
తర్వాత వంటింటి నీళ్లు తెచ్చాడు,
పళ్లెం కడిగినవి, కూర కడిగినవి,
ఒక ఉల్లిపొర తేలుతూ.

వరాంగో మాత్రం జానెడే.
ఫాబ్రీసియో వారం వారం టేపు పెట్టి కొలిచి
తల గోక్కుంటున్నాడు.
"పైకి కాదు నాయనా,
అది ఇప్పుడు కిందికి పోయే పనిలో ఉంది"
అంటుంది ఆమె, చేయి దులుపుకుని.

చలికాలం ముగిసేసరికి
చాపంత గడ్డి చుట్టూ
గంగపాయల చుట్టపు తీగ పాకింది.
పీకెయ్యనా అని అడిగితే
ఎర్మోహెనెస్ వద్దన్నాడు.
ఇప్పుడు అక్కడ మిగిలిన పచ్చిక
సరిగ్గా రెండు పాదాలంత,
ఒకటి కాస్త పెద్దది,
ఎడమ కాలికి వాపు కదా.